గ్రాఫ్ 10 శాతం దగ్గరే ఎందుకు ఆగింది?

(హైదరాబాద్‌లో సిస్టమ్ అడ్మిన్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో సగం మంది ఇక్కణ్నుంచి నేరుగా నైట్ షిఫ్ట్‌కి వెళ్లేవాళ్లే అని నిర్వాహకులు చెప్పారు. క్యాబ్ టైమ్ మీద అందరికీ ఒక కన్ను ఉంటుంది కాబట్టి ముందుమాటలు వదిలేసి నేరుగా గ్రాఫ్ దగ్గరికి వెళ్దాం.

స్క్రీన్ మీద ఉన్నది అమెజాన్ క్లౌడ్‌లో నడిచే ఒక చిన్న సర్వర్. టీ2 మైక్రో అంటారు. ఒకే ప్రాసెసర్, ఒక జీబీ మెమరీ. సీపీయూ గీత చూడండి. పొద్దున్న కాసేపు 30, 60, 45 అంటూ ఎగుడుదిగుడుగా ఉంది. ఆ తర్వాత స్కేలు పెట్టి గీసినట్టు 10 శాతం. సాయంత్రం దాకా అంతే. అదే టైమ్‌లో కస్టమర్ ఫోన్ మీద ఫోన్: "సైట్ తెరుచుకోవట్లేదండీ." షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు గ్రాఫ్ చూసి, "సర్, సర్వర్ ఖాళీగానే ఉంది, 10 శాతమే వాడుతోంది. ఓసారి మీ ఇంటర్నెట్ చెక్ చేసుకోండి" అన్నాడు. మీరైనా అదే అంటారు. ఆ మాట ఇవాళ రాత్రి కూడా ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు అంటారు.

జరిగింది ఇది. ఈ రకం సర్వర్‌కి అమెజాన్ ప్రాసెసర్‌ని పూర్తిగా ఇవ్వదు. గంటకి 6 క్రెడిట్లు ఇస్తుంది. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పాటు ప్రాసెసర్‌ని 100 శాతం వాడుకునే హక్కు. గంటలో 60 నిమిషాలు, చేతిలో 6 నిమిషాల హక్కు, అంటే 10 శాతం. వాడనివి 144 దాకా పోగుపడతాయి. పొద్దున్న ఎగుడుదిగుడుగా నడిచినంత సేపూ ఆ నిల్వ కరిగిపోతూ వచ్చింది. నిల్వ సున్నాకి వచ్చాక సర్వర్ ఎంత గింజుకున్నా 10 దాటనివ్వరు. ఆ 10 శాతం అనేది మొత్తం ప్రాసెసర్‌లో 10వ వంతు. సర్వర్‌కి దక్కిన వాటాలో చూస్తే అది నూటికి నూరు.

లోపలికి లాగిన్ అయి, ప్రాసెసర్ ఎలా ఖర్చవుతోందో చూపించే టాప్ కమాండ్ కొట్టి ఉంటే, వరుస చివర "ఎస్‌టీ" అనే చోట 90 దగ్గర అంకె కనిపించేది. స్టీల్ టైమ్ అంటారు దాన్ని. పని ఉంది, చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను, కానీ కింద ఉన్న హైపర్‌వైజర్, అంటే ఒకే మెషీన్‌ని చాలా సర్వర్లకి పంచే సాఫ్ట్‌వేర్, నాకు ప్రాసెసర్ ఇవ్వలేదు అని సర్వర్ చెప్పుకునే లెక్క అది. బయటి గ్రాఫ్‌లో ఆ మాట ఉండదు. సీపీయూ గ్రాఫ్ పక్కనే క్రెడిట్ల నిల్వ గ్రాఫ్ కూడా పెట్టుకుంటే ఫోన్ రాకముందే తెలిసిపోయేది. తర్వాత వచ్చిన టీ3 రకంలో అన్‌లిమిటెడ్ మోడ్ ముందే ఆన్ చేసి ఉంటుంది. అక్కడ సర్వర్ ఆగదు, బిల్లు పెరుగుతుంది. ఫోన్ మాత్రం వస్తుంది, ఈసారి అకౌంట్స్ వాళ్ల నుంచి. (నవ్వులు)

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. దూరం నుంచి మనం చూసే ప్రతి అంకె ఒక భాగహారం. ఎవరో దేన్నో లెక్కపెట్టారు, దాన్ని ఇంకో దానితో భాగించారు, వచ్చింది మనకి పంపారు. పైన ఏముంది, కింద ఏముంది అన్నది తెలియకుండా ఆ అంకెని చూసి టికెట్ మూసెయ్యకండి, ర్యామ్ కొనకండి, సర్వర్ రీస్టార్ట్ చెయ్యకండి. మెషీన్ ముందు కూర్చుంటే ఫ్యాన్ మోత వినిపిస్తుంది, డిస్క్ లైట్ కనిపిస్తుంది, ఏదో తేడాగా ఉందని అనుమానం వస్తుంది. మూడు టైమ్ జోన్ల అవతల ఉన్నవాడికి ఆ భాగహారం తప్ప ఇంకేమీ లేదు.

ఇంకో గీత గీసినట్టుండే గ్రాఫ్ చూపిస్తాను. నాకు చాలా ఇష్టమైనది. ఒక గిగాబిట్ లింకు. రౌటర్‌ని ఎస్‌ఎన్‌ఎంపీ ద్వారా, అంటే నెట్‌వర్క్ పరికరాల లెక్కలు దూరం నుంచి అడిగే పద్ధతిలో, 5 నిమిషాలకోసారి అడుగుతున్నాం. నెలల తరబడి ట్రాఫిక్ ఏనాడూ 114 మెగాబిట్లు దాటలేదు. మేనేజర్ గారు చూసి, "గిగాబిట్ లింకుకి ఇంత డబ్బు దేనికి కడుతున్నాం, 200కి తగ్గించెయ్యండి" అన్నారనుకోండి. గ్రాఫ్ ప్రకారం ఆయన మాటలో తప్పేమీ లేదు.

ఆ 114 ఎక్కణ్నుంచి వచ్చింది? రౌటర్ తన దగ్గర ఒక కౌంటర్ పెట్టుకుంటుంది, వచ్చిన బైట్లన్నీ కలుపుకుంటూ పోతుంది. పాత కౌంటర్ 32 బిట్లది. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 దగ్గరికి రాగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే ఆ కౌంటర్ 34 సెకన్లకోసారి ఒక చుట్టు తిరిగేస్తుంది. మనం చూసేదేమో 300 సెకన్లకోసారి. మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో మానిటరింగ్ టూల్‌కి తెలిసే దారి లేదు. గడిచిన 5 నిమిషాల్లో అది ఎంత ఎక్కువ చూపించగలదూ అంటే ఒక్క చుట్టు. ఒక్క చుట్టు బైట్లని బిట్లు చేసి 300తో భాగించండి, 114.5 మెగాబిట్లు వస్తుంది. పైకప్పు లింకుది కాదు, లెక్కది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. లింకు మీద నిజంగా 400 మెగాబిట్లు నడుస్తున్నాయనుకోండి. 5 నిమిషాల్లో 1500 కోట్ల బైట్లు. కౌంటర్ మూడు చుట్లు తిరిగి, నాలుగో దాంట్లో సగం దగ్గర ఉంటుంది. టూల్ ఆ సగాన్నే చూసి 56 మెగాబిట్లు అంటుంది. సాయంత్రం ఏడైంది, జనం పెరిగారు, నిజమైన ట్రాఫిక్ 460కి ఎక్కింది. ఇప్పుడు నాలుగు చుట్లు పూర్తయి ఐదోది అప్పుడే మొదలైంది. గ్రాఫ్‌లో ఎంతో తెలుసా? రెండు మెగాబిట్ల లోపు. ట్రాఫిక్ పెరిగితే గ్రాఫ్ పడిపోయింది! అది చూసి లింకు డౌన్ అయిందని ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తాం, వాళ్లు అంతా బాగానే ఉందంటారు, ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది.

ఈ 5 నిమిషాల అలవాటు ఎక్కడిదంటే, ఎంఆర్‌టీజీ అని ట్రాఫిక్ గ్రాఫ్‌లు గీసే ఒక టూల్ ఉండేది, ఇప్పటికీ కొన్ని చోట్ల నడుస్తోంది. 1995లో టోబియాస్ ఓటికర్ రాశాడు. అప్పుడాయన ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీలో ఉన్నాడు. ఆ యూనివర్సిటీకి బయటి ప్రపంచంతో ఉన్నది ఒకే ఒక్క 64 కిలోబిట్ లింకు. ఆ లింకు మీద 32 బిట్ల కౌంటర్ నిండాలంటే ఆరు రోజులు పడుతుంది. 5 నిమిషాలకోసారి చూస్తే ఏ ఇబ్బందీ లేదు. లింకులు పదివేల రెట్లు పెరిగాయి, 5 నిమిషాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మందు ఎప్పుడో వచ్చింది. పేరులో "హెచ్‌సీ" అని ఉండే 64 బిట్ల కౌంటర్లు అడగండి. గిగాబిట్ లింకు నిండుగా నడిచినా అవి ఒక చుట్టు తిరగడానికి నాలుగు వేల ఏళ్లకు పైగా పడుతుంది, మన షిఫ్ట్‌లో అయితే రాదు. కాకపోతే ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1లో ఇవి అందవు, 2సీ గానీ 3 గానీ కావాలి. ఎప్పుడో ఎవరో మానిటరింగ్ టూల్ టెంప్లేట్‌లో వెర్షన్ 1 అని పెట్టి వెళ్లిపోయి ఉంటారు. ఇంటికెళ్లాక మీ టెంప్లేట్లు ఒకసారి తెరిచి చూడండి, టెన్షన్ పడే వాళ్లు నలుగురైనా ఉంటారు. రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు కూడా కౌంటర్ సున్నాకి వస్తుంది. తెలివి తక్కువ టూల్ దాన్ని కూడా ఒక చుట్టు అనుకుని ఆకాశాన్నంటే ముల్లు ఒకటి గీస్తుంది. అప్‌టైమ్, అంటే రౌటర్ లేచి ఎంతసేపైందో, అది కూడా కలిపి అడిగితే ఆ బాధ తీరుతుంది.

సరే, లైనక్స్ వాళ్ల దగ్గరికి వద్దాం. లోడ్ యావరేజ్. అలర్ట్ వచ్చింది: లోడ్ 60. మెషీన్‌లో 8 కోర్లు, అంటే ఎనిమిది ప్రాసెసర్ల కింద లెక్క. చాలామందికి గుండె ఝల్లుమంటుంది. లాగిన్ అయి చూస్తే సీపీయూ 97 శాతం ఖాళీ. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. లోడ్ అంటే సీపీయూ వాడకం అని మన బుర్రలో పడిపోయింది. చాలా యునిక్స్‌లలో దాదాపు అంతే, ప్రాసెసర్ కోసం వరుసలో నిలబడ్డ పనులనే లెక్కపెడతారు. లైనక్స్‌లో మాత్రం 1993లో మథియాస్ ఉర్లిక్స్ అనే ఆయన ఒక ప్యాచ్ పంపాడు. ఆయన వాదన ఏంటంటే, స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు డిస్క్‌ని మెమరీలా వాడుకోవడం, దాని కోసం వేగంగా నడిచే డిస్క్ తీసేసి నత్తలా నడిచే డిస్క్ పెట్టామనుకోండి, మెషీన్ నెమ్మదిస్తుంది. కానీ పనులన్నీ డిస్క్ కోసం ఆగిపోతాయి కాబట్టి ప్రాసెసర్ వరుస తగ్గి, లోడ్ కూడా తగ్గుతుంది. ఇదేం పద్ధతి అన్నాడు. అందుకని డిస్క్ కోసం మధ్యలో లేపడానికి వీల్లేకుండా నిద్రపోతున్న పనుల్ని కూడా లెక్కలో కలిపాడు. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్‌లో పెద్ద అక్షరం "డీ" అని కనిపిస్తాయే, అవి. ఆయన అన్నది సబబే. కానీ ఆ నిద్రలోకి వెళ్లే దారులు లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఏళ్లు గడిచే కొద్దీ బాగా పెరిగాయి. ఇవాళ నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఆగిపోయిందంటే, ఆ ఫోల్డర్‌ని ముట్టుకున్న ప్రతి ప్రాసెస్ "డీ"లో ఇరుక్కుంటుంది. అలా 60 ఇరుక్కుంటే లోడ్ 60. ప్రాసెసర్ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అలాంటప్పుడు ఇంకో నాలుగు కోర్లు కొని పెడితే అవి కూడా చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

కాబట్టి లోడ్ ఎక్కువ, సీపీయూ ఖాళీ అన్న జంట కనిపిస్తే పీఎస్‌లో "డీ"లో ఎవరున్నారో చూడండి. అన్నీ ఒకే మౌంట్, అంటే అలా బయటి నుంచి తగిలించిన ఒకే ఫోల్డర్, దగ్గర ఆగి ఉంటే మీ సర్వర్‌ని ముట్టుకోవద్దు, అవతలి స్టోరేజ్ వాళ్లని లేపండి.

ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే కొందరు నమ్మరు. టెలిగ్రాఫ్ అనే కలెక్టర్, అంటే సర్వర్ లెక్కలు సేకరించి పంపే ప్రోగ్రామ్, వాడేవాళ్లు కొందరికి ఒక వింత కనపడింది. గంటా నలభై ఐదు నిమిషాలకోసారి లోడ్ పైకి లేస్తుంది, కాసేపటికి పడిపోతుంది. పగలూ రాత్రీ తేడా లేదు. వేళకి పనులు నడిపే క్రాన్‌లో అప్పుడు ఏమీ లేదు. బ్యాకప్ కాదు, లాగ్ రొటేషన్ కాదు. గంటా నలభై ఐదు నిమిషాలకోసారి నడిచే పని ఎవరు పెడతారు చెప్పండి?

కెర్నల్ లోడ్‌ని నిరంతరం కొలవదు. సుమారు 5 సెకన్లకోసారి తల తిప్పి, ఈ క్షణంలో ఎన్ని పనులు వరుసలో ఉన్నాయి అని చూసి, దాన్ని పాత సగటులో కలుపుతుంది. ఆ సుమారు అన్నదాంట్లోనే ఉంది అసలు సంగతి. కెర్నల్ కోడ్‌లో ఆ వ్యవధి 5 సెకన్లు ప్లస్ ఒక టిక్. టిక్ అంటే సెకనులో 250వ వంతు అనుకుందాం, 4 మిల్లీ సెకన్లు. అంటే కెర్నల్ 5.004 సెకన్లకోసారి తల తిప్పుతుంది. ఇటు మన కలెక్టరేమో కచ్చితంగా 5 సెకన్లకో 10 సెకన్లకో ఒకసారి లేచి, బోలెడు థ్రెడ్లు, అంటే చిన్న చిన్న పనులు, ఒక్కసారిగా వదిలి, డిస్క్ చూడు, నెట్‌వర్క్ చూడు, మెమరీ చూడు అని హడావిడి చేసి మళ్లీ పడుకుంటుంది. ఆ హడావిడి సెకనులో 10వ వంతు కూడా ఉండదు. మామూలుగా కెర్నల్ తల తిప్పే వేళకి అది అయిపోయి ఉంటుంది.

కానీ ప్రతిసారీ 4 మిల్లీ సెకన్లు జరుగుతోంది కదా. 5 సెకన్ల మేర జరగడానికి 1250 సార్లు కావాలి. 1250ని 5.004తో గుణిస్తే 6255 సెకన్లు. నిమిషాల్లోకి మార్చుకోండి, 104. అదీ మీ గంటా నలభై ఐదు. ఆ వేళకి కెర్నల్ సరిగ్గా కలెక్టర్ హడావిడిలో ఉన్నప్పుడే తల తిప్పుతుంది. ఒక్కసారి కాదు, 4 మిల్లీ సెకన్లే జరుగుతుంది కాబట్టి వరసగా చాలాసార్లు. ప్రతిసారీ అబ్బో ఎంత జనం అనుకుంటుంది. లోడ్ ఎక్కుతుంది. టిక్ సెకనులో వెయ్యో వంతు ఉండే కెర్నల్ అయితే ఇదే తంతు ఏడు గంటలకోసారి.

పరమానందయ్య శిష్యులు ఏరు దాటి తమని తాము లెక్కపెట్టుకున్న కథ మీ అందరికీ తెలుసు. అక్కడ లెక్కపెట్టేవాడు తనని తాను మర్చిపోయి, ఒకడు తగ్గాడని ఏడ్చారు. ఇక్కడ తిరకాసు అటూ ఇటూ అయింది. లెక్కపెట్టేవాడు తనని కూడా కలుపుకుని, ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారని కంగారు పడుతున్నాడు. (నవ్వులు) కలెక్టర్ సెట్టింగుల్లో జిట్టర్ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఒకట్రెండు సెకన్లు పెడితే ప్రతిసారీ కాస్త ముందూ వెనకా లేస్తుంది, ఈ కొండ మాయమవుతుంది. మెషీన్‌లో మాత్రం అప్పుడూ ఏమీ జరగలేదు, ఇప్పుడూ ఏమీ మారలేదు.

విండోస్‌లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. సర్వర్ స్లోగా ఉందని రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అవుతారు. లాగిన్ అవ్వడమే ఒక పెద్ద పని. ప్రొఫైల్ లోడవ్వాలి, డెస్క్‌టాప్ గియ్యాలి, స్టార్టప్‌లో ఉన్నవన్నీ లేవాలి. వెంటనే టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ 80, 90 చూపిస్తుంది. అమ్మో అనుకుంటారు. అందులో సగం మీరే. ఒక నిమిషం చేతులు కీబోర్డ్ మీద నుంచి తీసేసి ఊరికే చూడండి. ఆ తర్వాత కూడా విండోస్ లెక్కలు అడిగినవాళ్లకి అందించే డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ పైన తిష్ఠ వేసి ఉంటే, ఏదో మానిటరింగ్ టూల్ మరీ తరచుగా ప్రశ్నలు వేస్తోందేమో చూసుకోండి. ఒకే సర్వర్‌ని ముగ్గురు వెండర్ల టూల్స్ ఒకేసారి కొలుస్తుండగా నేను చూశాను. ముగ్గురూ ఒకరి మీద ఒకరు రిపోర్టు రాసుకున్నారు.

విండోస్‌లోనే ఇంకో చిక్కు. పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ప్రాసెసర్ టైమ్ అనే కౌంటర్ ఉంది, చాలా రిమోట్ టూల్స్ దాన్నే తీసుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో విండోస్ 8 నుంచి లెక్క మారింది, ప్రాసెసర్ ఎంత వేగంతో నడుస్తోందో కూడా కలిపి చూస్తారు. 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కరెంటు ఆదా మోడ్‌లో పడి 1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయిందనుకోండి. క్షణం ఖాళీ లేకుండా పనిచేస్తోంది కాబట్టి మీ డ్యాష్‌బోర్డ్‌లో 100. లాగిన్ అయినవాడి టాస్క్ మేనేజర్‌లో 50. టర్బోలో, అంటే మామూలు వేగం దాటి, నడిస్తే రెండో లెక్క 100 దాటిపోతుంది, టాస్క్ మేనేజర్ దాన్ని 100 దగ్గర కత్తిరించి చూపిస్తుంది. పైన ఉన్నది ఇంచుమించు అదే, కింద భాగించేది వేరు. ఎంత పని ఇచ్చినా 50 దాటట్లేదంటే పవర్ ప్లాన్, బయోస్ సెట్టింగు చూడండి.

భాగించేది వేరు అన్నాను కాబట్టి పీఎస్ గురించి కూడా చెప్పేస్తాను. పీఎస్‌లో సీపీయూ శాతం ఇప్పటిది కాదు. ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి వాడిన ప్రాసెసర్ టైమ్‌ని దాని వయసుతో భాగిస్తారు. 100 రోజుల క్రితం మొదలై, ఊరికే కూర్చుని, ఇప్పుడు 10 నిమిషాలుగా ఒక కోర్‌ని పూర్తిగా నమిలేస్తున్న ప్రాసెస్ పీఎస్‌లో ఎంత చూపిస్తుంది? 0.0. మాన్యువల్‌లో ఈ సంగతి రాసే ఉంది, మనమే చదవం. సర్వర్ పరిస్థితి చూపించే వీఎంస్టాట్, ఐఓస్టాట్ కమాండ్లు ఇచ్చే మొదటి వరుస కూడా ఇంతే, బూట్ అయినప్పటి నుంచి సగటు. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి వీఎంస్టాట్ ఒకసారి కొట్టి ఆ ఒక్క వరుసనే తెచ్చి గ్రాఫ్ గీసే స్క్రిప్టులు కోకొల్లలు. ఆ గ్రాఫ్ ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుంది. సర్వర్ కాలిపోతున్నా ప్రశాంతంగా ఉంటుంది. ఒకే కమాండ్‌లో రెండు వరుసలు అడిగి రెండో వరుస తీసుకోండి.

మెమరీ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే అయినా అందరూ చేసేదే. లైనక్స్ ఖాళీగా ఉన్న మెమరీని ఫైళ్ల క్యాష్ కోసం, అంటే చదివిన ఫైళ్లని చేతికి దగ్గరగా ఉంచుకోవడానికి, వాడేసుకుంటుంది. అడిగితే వెంటనే ఇచ్చేస్తుంది. కొన్ని టూల్స్ దాన్ని కూడా వాడకంలో కలిపేసి 95 శాతం అని ఎర్ర లైటు వేస్తాయి. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి మెమ్ అవైలబుల్ అని ఒక వరుస ఉంది, స్వాప్ జోలికి పోకుండా ఇంకెంత ఇవ్వగలనో కెర్నలే అంచనా వేసి చెబుతుంది. అలర్ట్ దాని మీద పెట్టండి. క్రాన్‌లో గంటకోసారి క్యాష్ ఖాళీ చేయించే స్క్రిప్టు మీ సర్వర్లలో ఎక్కడైనా ఉంటే, దయచేసి తీసెయ్యండి. గ్రాఫ్ బాగుండడం కోసం డేటాబేస్‌ని గంటకోసారి డిస్క్ చుట్టూ తిప్పుతున్నారు.

సగటు సంగతి. ఒక నిమిషం 100 శాతం, మిగతా నాలుగు నిమిషాలు 10 శాతం. 5 నిమిషాల సగటు 28. అదే గంటకి సగటు తీస్తే 11.5. ఆ ఒక్క నిమిషంలో ఎంత మంది పేమెంట్లు ఆగిపోయాయో 11.5లో ఎక్కడా లేదు. ఆర్‌ఆర్‌డీ అనే, సైజు పెరగని ఫైలు పద్ధతిలో నిల్వ చేసే టూల్స్ పాత డేటాని ఇలాగే ముద్ద చేస్తూ పోతాయి. అందుకే గత వారం 90 చూపించిన రోజుని సంవత్సరం గ్రాఫ్‌లో వెతికితే 20 కనిపిస్తుంది. కెపాసిటీ ప్లానింగ్ అని సంవత్సరం గ్రాఫ్ పీపీటీలో పెట్టేవాళ్లు ఉన్నారు. సగటుతో పాటు గరిష్ఠాన్ని కూడా దాచమని మొదటి రోజే చెప్పాలి. తర్వాత చెబితే పోయినవి తిరిగిరావు.

ఇంకొన్ని గబగబా. డేటా రాకపోతే సున్నా గీసే టూల్స్‌ని నమ్మకండి, సున్నా వేరు, తెలియకపోవడం వేరు. లెక్కలు పంపే ఏజెంట్ చచ్చిపోయిన సర్వరే డ్యాష్‌బోర్డ్‌లో అన్నిటికన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది. మదర్‌బోర్డ్ ఉష్ణోగ్రత 127 డిగ్రీలు, కదలదు మెదలదు అంటే, ఆ సెన్సార్ పిన్‌కి ఏమీ కలిపి ఉండకపోవచ్చు. అర్ధరాత్రి ఫైర్ అలారం మోగించే ముందు పక్క సెన్సార్లు చూడండి. ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీకి, మన టైమ్‌కి ఐదున్నర గంటల తేడా. మనకి తెల్లవారుజామున 2 గంటలకి మొదలయ్యే బ్యాకప్ యూటీసీ గ్రాఫ్‌లో ముందు రోజు రాత్రి 8:30కి కనిపిస్తుంది. ఎనిమిదిన్నరకి ఎవరు ఏం చేశారని తేదీ కూడా తప్పు పట్టుకుని లాగ్‌లు తవ్విన టీములున్నాయి.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న (సభలోంచి): సర్, ఏ అంకె మీదా భరోసా లేదంటున్నారు. మరి అలర్ట్ దేని మీద పెట్టాలి?

భరోసా లేదనలేదమ్మా, దేనితో భాగించారో చూడమన్నాను. మనిషిని నిద్ర లేపే అలర్ట్ వాడేవాళ్ల బాధ మీద పెట్టండి. లాగిన్ పేజీ ఎంతసేపట్లో వచ్చింది, పేమెంట్ ఎంతసేపు పట్టింది. అందులోనూ సగటు వద్దు, నూటికి 95 మందికి ఎంతలో వచ్చిందో చూడండి. సీపీయూ, లోడ్, మెమరీ ఇవన్నీ లేచాక కారణం వెతకడానికి. లైనక్స్‌లో 2018 చివర వచ్చిన 4.20 కెర్నల్ నుంచి ప్రెషర్ లెక్కలు కూడా ఉన్నాయి, పీఎస్ఐ అంటారు. ప్రాక్ అనే ఫోల్డర్ కింద ప్రెషర్ అనే ఫోల్డర్‌లో సీపీయూ, మెమరీ, ఐఓ అని ఫైళ్లు ఉంటాయి. గడిచిన 10 సెకన్లలో, నిమిషంలో, 5 నిమిషాల్లో పనులు దేని కోసం ఎంత శాతం సేపు ఆగిపోయాయో సూటిగా చెబుతుంది. ఇందాకటి లోడ్ 60 కేసు డిస్క్ కోసమా, ప్రాసెసర్ కోసమా అన్నది అక్కడ చాలాసార్లు ఒక్క చూపులో తేలిపోతుంది. ఫేస్‌బుక్‌లో పనిచేసే ఇంజినీర్లు రాశారు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది, బూట్ ఆప్షన్‌లో పీఎస్ఐ ఈక్వల్స్ 1 అని ఇవ్వాలి.

ప్రశ్న: మా క్లయింట్ సర్వర్ అమెరికాలో ఉందండి. దారిలో ఉన్న రౌటర్లని చూపించే ట్రేస్‌రూట్‌లో మధ్యలో ఒక హాప్, అంటే ఒక రౌటర్, దగ్గర 60 శాతం ప్యాకెట్ లాస్ చూపిస్తోంది. ప్రొవైడర్‌కి టికెట్ పెడితే సమస్యే లేదని మూసేస్తున్నారు. వాళ్లు తప్పించుకుంటున్నారా?

ఆ హాప్ తర్వాత ఉన్న హాప్‌లలో లాస్ ఎంత?

ప్రశ్న అడిగినవారు: వాటిలో సున్నా అండి. సర్వర్ దగ్గర కూడా సున్నా.

అయితే ఈసారికి వాళ్ల మాటే నిజం. (నవ్వులు) రౌటర్ ప్యాకెట్లని ముందుకు పంపే పని హార్డ్‌వేర్ చేస్తుంది. మీ ట్రేస్‌రూట్‌కి జవాబు రాసే పని మాత్రం అందులో ఉన్న చిన్న ప్రాసెసర్‌ది. దానికి రౌటింగ్ లాంటి ముఖ్యమైన పనులు వేరే ఉంటాయి కాబట్టి, ఇలాంటి జవాబులు సెకనుకి ఇన్నే అని హద్దు పెడతారు. ఆ హద్దు దాటినవాటికి జవాబు ఇవ్వదు, మీ టూల్ దాన్ని లాస్ అని రాసుకుంటుంది. నిజంగా అక్కడ ప్యాకెట్లు పోతుంటే ఆ తర్వాతి హాప్‌లన్నిటిలో, చివరి సర్వర్ దాకా ఆ లాస్ కనిపించి తీరాలి. అలా చివరి దాకా కనిపించిన రోజున వదలకండి. అవతలి సర్వర్ నుంచి మీ వైపుకి కూడా ఒక ట్రేస్ తీయించి, రెండూ కలిపి, టైమ్ యూటీసీలో రాసి పంపండి. వెళ్లే దారి, వచ్చే దారి వేరువేరుగా ఉండొచ్చు, ఒక వైపు ట్రేస్‌తో వచ్చే దారిలో ఉన్న లోపం ఎక్కడుందో పట్టుకోలేరు. ఆ రెండూ జతచేసిన టికెట్‌ని ఊరికే మూసెయ్యడం వాళ్లకి కష్టం.